సెల్ఫు మోటారు పనిచేయనప్పుడు

నస్పూరు, శ్రీరాంపూరు పరిసరములలోని బొగ్గుగనుల యందు జీవితము షిఫ్టులను బట్టి నడచును. మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు అని దినము మూడు భాగములై యున్నది. ఒకప్పుడు కాలినడకను, పిమ్మట సైకిళ్ళమీదను గనికి పోయిన కార్మికులు నేడు మోటారు సైకిళ్ళమీద పోవుచున్నారు. వేళకు గని చేరనిచో ఆ దినపు మస్టరు పోవును. మస్టరుతో పాటు ఆ దినపు కూలియు పోవును. తెల్లవారుజామున క్వార్టరు ముందు నిలిచి మీట నొక్కినప్పుడు బండి కదలకున్నచో, చూచువారికి అది చిన్న విషయమే. బండి గలవానికి మాత్రము అది ఒక దినపు జీతము.

ఇట్టి సమయమున అందరి నోట వచ్చు మాట ఒక్కటే: ‘సెల్ఫు పోయినది.’ ఈ మాటలోనే ఒక చిక్కున్నది. సెల్ఫు అనునది ఒక వస్తువు పేరుగా మనము వాడుచున్నాము. నిజమునకు అది ఒక మార్గము. బ్యాటరీ వద్ద బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజులు, మీటలు, రిలే, లావు తీగలు, మోటారు, ఇంజను దేహము, ఎర్తు తీగ - వీటన్నింటి మీదుగా నడచి మరల బ్యాటరీకే చేరవలెను. ఈ దారిలో ఎచ్చట గండి పడినను చివర నున్న మోటారే మూగబోవును. నింద యంతయు దానిమీదనే పడును. కావున ఈ ప్రసంగమున చెప్పదలచినది ముఖ్యముగా ఒక్క విషయము: మోటారును విప్పుటకు ముందు, క్రొత్తది కొనుటకు ముందు, మార్గమును వరుసగా పరీక్షింపవలెను.

ఈ సంగతికి చరిత్రలోనే ఒక నిదర్శనమున్నది. మోటారు కార్లకు చేతితో త్రిప్పు హ్యాండిలు బదులుగా విద్యుత్ స్టార్టరును అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ 1911లో రూపొందించెను. 1912 నాటి కాడిలాక్ కార్లలో అది అమరినది. రెండేండ్లకే, 1914లో, ఇండియన్ అను అమెరికా సంస్థ ‘హెండీ స్పెషల్’ అను మోటారు సైకిలుకు విద్యుత్ స్టార్టరును పెట్టి అమ్మకమునకు తెచ్చినది. ఆ ప్రయత్నము నిలువలేదు. మోటారు త్రిప్పలేక కాదు; ఆనాటి బ్యాటరీలు ఆ భారమును మోయలేకపోయినవి. అటు తరువాత నలుబది యేండ్లకు పైగా మోటారు సైకిలు కిక్కుమీదనే ఆధారపడినది. 1950ల చివరి సంవత్సరములలో జపాను దేశపు హోండా బండ్లతో విద్యుత్ స్టార్టరు మరల ప్రవేశించి క్రమముగా స్థిరపడినది. నూరేండ్ల క్రిందట ఏది ఓడించినదో, నేడును చాల సందర్భములలో అదియే ఓడించుచున్నది.

మన దేశమున చిరకాలము కిక్కును సెల్ఫును రెండును బండికి ఉండెడివి. సెల్ఫు మొరాయించినచో కిక్కు కొట్టి పని గడుపుకొనెడివారము. నేడు పలు నమూనాలలో కిక్కును తీసివేసినారు. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 నియమములు అమలులోనికి వచ్చిన పిమ్మట పెట్రోలును కార్బురేటరు బదులు విద్యుత్ పంపు, ఇంజెక్టరు అందించు బండ్లు పెరిగినవి. బ్యాటరీ పూర్తిగా అడుగంటినప్పుడు ఆ పంపు పనిచేయదు. త్రోసి స్టార్టు చేయుటయు కష్టమగును. సెల్ఫు మార్గమును గూర్చి నాలుగు సంగతులు తెలిసియుండుట పూర్వముకంటె నేడు ఎక్కువ అవసరమైనది.

ముందుగా మోటారు నిర్మాణము. ఇనుప గొట్టము వంటి దేహము; దాని లోపలి గోడకు అతికించిన అయస్కాంతపు పలకలు; నడుమ రాగి తీగ చుట్టిన ఆర్మేచరు; ఆర్మేచరు ఒక చివర రాగి పట్టీలను గుండ్రముగా పేర్చిన కమ్యుటేటరు. ఆ పట్టీలమీద రెండు లేక నాలుగు కార్బన్ బ్రష్షులు స్ప్రింగుల ఒత్తిడితో ఆనియుండును. బ్రష్షుల ద్వారా ప్రవాహము తిరుగుచున్న చుట్టలోనికి పోవును, చుట్ట అయస్కాంతమగును, అయస్కాంతములు ఒకదానినొకటి త్రోయుటచే ఇరుసు తిరుగును. ఈ మోటారు చిన్నది, వేగము హెచ్చు. పండ్ల చక్రముల ద్వారా వేగము తగ్గి బలము పెరిగి ఇంజనునకు చేరును. నడుమ వన్‌వే క్లచ్చి అను ఏర్పాటు కలదు. అది మోటారు ఇంజనును త్రిప్పనిచ్చును గాని, ఇంజను నడచిన పిమ్మట మోటారును త్రిప్పనీయదు.

ఇక మార్గములు రెండు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద మార్గమున బ్యాటరీ నుండి మోటారునకు పదుల ఆంపియర్ల ప్రవాహము నడచును. అంత ప్రవాహమును హ్యాండిలుమీది చిన్న మీట తట్టుకొనలేదు. అందుకే రిలే. చెరువు తూము తలుపు నెత్తుటకు ఒక మనిషి బలము చాలును; తలుపు లేచిన పిమ్మట పారు నీరు మనిషి బలము కాదు, చెరువు బలము. రిలే అట్టి తూము. తాళపుచెవి, కిల్ స్విచ్చి, న్యూట్రల్ లేక క్లచ్చి స్విచ్చి, కొన్ని బండ్లలో సైడు స్టాండు స్విచ్చి, స్టార్టు మీట - వీటిగుండా వచ్చు కొద్దిపాటి ప్రవాహము రిలేలోని చుట్టను అయస్కాంతముగా మార్చును. అది రాగి పలకను లాగి పెద్ద మార్గమును కలుపును. ఆ కలియుటలో ‘టక్’ మను శబ్దము వినబడును. ఈ శబ్దము మనకు మిక్కిలి ఉపయోగకరమైనది.

శబ్దముల సంగతికి ముందు ఒక చిన్న లెక్క అవసరము. పలువురు ఇట్లు వాదింతురు: ‘హారను మ్రోగుచున్నది, దీపము వెలుగుచున్నది, కావున బ్యాటరీ, తీగలు సరిగానే యున్నవి, చెడినది మోటారే.’ ఈ వాదము యుక్తముగా తోచును గాని సరికాదు. ఒక తీగ కొసన తుప్పు పట్టి ఓములో 20వ వంతు, అనగా 0.05 ఓము, అడ్డు ఏర్పడినదనుకొందము. 35 వాట్ల ముందు దీపము సుమారు 3 ఆంపియర్లు తీసికొనును. 3ను 0.05తో హెచ్చించిన 0.15 వోల్టు. దీపమునకు ఆ నష్టము లెక్కలోనిది కాదు, యథాప్రకారము వెలుగును. అదే తీగ ద్వారా మోటారు 50 ఆంపియర్లు తీసికొనవలసి వచ్చినప్పుడు నష్టము 2.5 వోల్టులు. 12 వోల్టులలో ఐదవ వంతుకు పైగా ఆ తుప్పుమచ్చ వద్దనే వేడియై పోవును. మోటారు మూలుగును, లేదా కదలనే కదలదు. దీపమునకు చాలిన దారి మోటారునకు చాలదు. సన్నని కాలిబాటలో మనిషి పోవును, ఎడ్లబండి పోలేదు.

పరీక్షకు మొదటి సాధనము చెవి. మీట నొక్కినప్పుడు వినబడు శబ్దమును బట్టి దోషము ఏ వైపున నున్నదో చాలవరకు చెప్పవచ్చును.

మీట నొక్కినను ఏ శబ్దమును లేనిచో దోషము సాధారణముగా చిన్న మార్గమున నుండును. బండి న్యూట్రల్‌లో నున్నదా, కిల్ స్విచ్చి సరియైన వైపున నున్నదా, సైడు స్టాండు పైకి ఉన్నదా అని మొదట కంటితో చూడవలెను. ఇవి హాస్యాస్పదముగా తోచవచ్చును గాని, తొందరలో మరచునవి ఇవియే. తరువాత ఫ్యూజు. అటుపై క్లచ్చి లీవరు క్రింది చిన్న స్విచ్చి. దుమ్ము, వాననీరు చేరి దాని లోపలి మొనలు మసిబారుట కలదు. బండి న్యూట్రల్‌లో నుండగా సెల్ఫు పలికి, గేరులో క్లచ్చి పట్టినప్పుడు పలుకనిచో దోషము ఆ స్విచ్చియందే.

‘టకటకటక’ మని వేగముగా పలుమార్లు కొట్టుకొన్నచో అది బ్యాటరీ బలహీనతకు గురుతు. రిలే పలకను లాగును, మోటారు ప్రవాహము కోరును, బ్యాటరీ వోల్టేజి కూలును, రిలే చుట్టకు బలము చాలక పలకను విడుచును, భారము తొలగగానే వోల్టేజి లేచును, మరల లాగును. ఈ ఆట ఇట్లే సాగును. బ్యాటరీ మొనలు వదులై యున్నను, ఎర్తు తీగ తుప్పు పట్టినను ఇదే శబ్దము రావచ్చును.

ఒక్కసారి గట్టిగా ‘టక్’ మని ఊరకున్నచో రిలే చుట్ట పనిచేసినదని తెలియును. చిన్న మార్గము శుద్ధముగా నున్నది. దోషము రిలే లోపలి రాగి మొనలలోనో, లావు తీగలలోనో, మోటారులోనో ఉండవలెను. ఇంజనే బిగిసికొని పోయినను ఇట్లే జరుగును. బండిని పై గేరులో పెట్టి, తాళము తీసి, కొద్దిగా వెనుకకు ముందుకు త్రోసి చూచినచో ఇంజను తిరుగుచున్నదో లేదో తెలిసిపోవును. ఇంజను తిరుగనప్పుడు మోటారును నిందించి లాభము లేదు.

మోటారు ‘గిర్రు’ మని తేలికగా తిరిగి, ఇంజను మాత్రము కదలనిచో మోటారు ఆరోగ్యముగా నున్నది; అరిగినది వన్‌వే క్లచ్చి లేక పండ్ల చక్రము. ఇందుకై మోటారు మార్చినవారు డబ్బు దండుగ చేసికొన్నవారే. ఆ పనికి పలు బండ్లలో మాగ్నెటు వైపు మూత విప్పి, దానికి తగిన పుల్లరుతో చక్రము తీయవలెను. అది అనుభవముగల మెకానికు చేయవలసిన పని.

చివరిది ప్రమాదకరమైనది. మీట విడిచిన పిమ్మటను మోటారు తిరుగుచునే యున్నచో రిలేలోని మొనలు నిప్పురవ్వలకు కరగి ఒకదానికొకటి అంటుకొనినవన్నమాట. తాళపుచెవి త్రిప్పినను అది ఆగదు. పెద్ద మార్గమునకు తాళపుచెవితో సంబంధము లేదు. వెంటనే బ్యాటరీ తీగ తీసివేయవలెను. రిలే మార్చువరకు మరల తగిలింపరాదు.

చెవి తరువాత సాధనము మల్టీమీటరు. కొలది వందల రూపాయలకు దొరకు ఈ సాధనము వేల రూపాయల అనవసరపు ఖర్చును తప్పించును. మొదటి కొలత బ్యాటరీ వద్ద. బండి కొన్ని గంటలు నిలిచియున్న పిమ్మట నిండు బ్యాటరీ 12.6 వోల్టులు గాని అంతకు కొంచెము పైన గాని చూపవలెను. 12 వోల్టులు చూపినచో అది పేరునకు 12 వోల్టుల బ్యాటరీ యైనను దాదాపు వట్టిపోయినట్లే. ఈ సంగతి పలువురకు తెలియక ‘పన్నెండున్నది కదా’ అని తృప్తిపడుదురు. రెండవ కొలత అదే చోట, మీట నొక్కియుండగా. ముల్లు లేక అంకె 10 వోల్టులకు దిగువకు జారినచో బ్యాటరీ భారమును మోయలేకున్నదని గాని, మోటారు తగనంత ప్రవాహమును లాగుచున్నదని గాని గ్రహింపవలెను. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుటకు అంతే వోల్టుల మంచి బ్యాటరీని తగిలించి చూచుట సులభమైన ఉపాయము. దానితో సెల్ఫు చక్కగా పనిచేసినచో మోటారు నిర్దోషి.

బ్యాటరీ మార్చుటతో పని తీరినదనుకొనరాదు. అది ఎందుకు అడుగంటినది అను ప్రశ్న మిగిలియున్నది. ఇంజను నడిపి కొంత వేగము హెచ్చించినప్పుడు బ్యాటరీ మొనలవద్ద సుమారు 13.5 నుండి 14.5 వోల్టుల వరకు కనబడవలెను. 12.6 దాటనిచో ఛార్జింగు లేదు. రెగ్యులేటరో, మాగ్నెటు చుట్టయో చెడియుండును. 15 దాటినచో రెగ్యులేటరు అదుపు తప్పినది. క్రొత్త బ్యాటరీని సైతము అది మరిగించి చంపును. ఛార్జింగు సరిగా నున్నను, పైన తగిలించిన అదనపు హారన్లు, దీపములు, అలారములు రాత్రివేళ కొద్దికొద్దిగా ప్రవాహమును త్రాగుచుండవచ్చును.

మూడవ కొలత అన్నింటిలోను ముఖ్యమైనది. మన మరమ్మతు అంగళ్ళలో తక్కువగా చేయబడునది. దానిని వోల్టేజి నష్టపు కొలత యనవచ్చును. మీటరు ఒక మొనను బ్యాటరీ ధన ధ్రువమున, రెండవ మొనను మోటారుమీది లావు తీగ బోల్టున ఉంచి మీట నొక్కవలెను. దారి శుద్ధముగా నున్నచో మీటరు అర వోల్టునకు మించి చూపరాదు. అంతకు మించినచో ఆ రెండు మొనల నడుమ ఎచ్చటనో అడ్డున్నది. అప్పుడు మీటరు మొనలను రిలే యొక్క రెండు లావు బోల్టులమీద ఉంచి మరల నొక్కవలెను. నష్టమంతయు అచ్చటనే కనబడినచో రిలే మొనలు కాలిపోయినవి. అట్లే ఒక మొన బ్యాటరీ ఋణ ధ్రువమున, ఒక మొన మోటారు దేహముమీద ఉంచి చూడవలెను. 0.2 లేక 0.3 వోల్టును మించినచో ఎర్తు తీగ దోషి. దాని బోల్టు విప్పి, రంగును తుప్పును గీకి, లోహము మెరయునట్లు చేసి, గట్టిగా బిగించి, పైన కొద్దిగా గ్రీజు పూసినచో చాలును. ఖర్చు ఏమియు లేని ఈ పనితో మరల ప్రాణము వచ్చు బండ్లు తక్కువ కాదు.

ఈ పరీక్షలన్నియు దాటి, మోటారు బోల్టువద్దకు నిండు వోల్టేజి చేరుచున్నను అది తిరుగనిచో, అప్పుడు మాత్రమే మోటారును విప్పవలెను.

విప్పుటకు ముందు బ్యాటరీ ఋణ ధ్రువపు తీగను తీయవలెను. బిగించునప్పుడు దానినే చివర బిగింపవలెను. దీనికి కారణమున్నది. బండి చట్రమంతయు ఋణ ధ్రువముతో కలిసియున్నది. ధన ధ్రువపు బోల్టును ముందు విప్పునప్పుడు స్పానరు చట్రమునకు తగిలినచో బ్యాటరీ బలమంతయు ఆ స్పానరు గుండా పోయి నిప్పులు చిమ్మును. ఋణ ధ్రువము తీసిన పిమ్మట ఆ భయము లేదు.

మోటారును ఇంజనునకు పట్టియుంచునవి సాధారణముగా రెండు బోల్టులు. తీసిన పిమ్మట దేహముమీదను రెండు మూతలమీదను ఒకే గీత పడునట్లు గురుతు పెట్టుకొనవలెను. లేనిచో మరల కూర్చునప్పుడు మూత ప్రక్కకు తిరిగి మోటారు సరిగా పనిచేయదు. ఇరుసుమీది సన్నని వాషర్లు ఏ చివర ఎన్ని ఏ వరుసలో ఉన్నవో వ్రాసికొనుట మంచిది. బోల్టు చుట్టునున్న ఫైబరు వాషరును పారవేయరాదు. అది లేకున్న బోల్టు దేహమునకు తగిలి ప్రవాహము మోటారులోనికి పోక సరాసరి ఎర్తునకు పోవును.

లోపల మొదట చూడవలసినవి బ్రష్షులు. అవి మెత్తని కార్బనుతో చేసినవి. అరుగుటయే వాని ధర్మము. అవి అరిగి కమ్యుటేటరును కాపాడును. కంపెనీ పుస్తకము చెప్పిన హద్దుకంటె పొట్టివైనప్పుడు స్ప్రింగు వానిని తగినంత ఒత్తిడితో ఆనింపలేదు. ఒక దినము పనిచేసి మరునాడు పనిచేయక, మోటారుమీద చిన్న దెబ్బ కొట్టగానే మరల తిరుగుట బ్రష్షులు అరిగినవనుటకు ప్రసిద్ధమైన గురుతు. బ్రష్షులు తమ గూడులలో జారుచున్నవో, నల్లని పొడికి పట్టుకొని నిలిచిపోయినవో కూడ చూడవలెను. బ్రష్షులు అమర్చిన పలక విడిగా దొరకును. పూర్తి మోటారు వెలతో పోల్చిన అది స్వల్పము.

తరువాత కమ్యుటేటరు. నల్లబడి యున్నచో సన్నని గాజు కాగితముతో మృదువుగా తుడిచి, గుడ్డతో శుభ్రపరుపవలెను. ఎమరీ గుడ్డ వాడరాదు. దాని గట్టి రేణువులు రాగి పట్టీల సందులలో ఇరుకుకొని బ్రష్షులను కొరుకును. పట్టీల నడుమ సందులు రాగి మట్టముకంటె లోతుగా ఉండవలెను. అవి కార్బన్ పొడితో పూడినచో ఒక పట్టీ నుండి మరియొక పట్టీకి ప్రవాహము దొంగదారిన పోవును. సన్నని పుల్లతో వానిని తీయవలెను. పిమ్మట మీటరు. ఏ పట్టీకిని దాని ప్రక్క పట్టీకిని నడుమ దారి యుండవలెను. లేనిచో తీగ తెగినది. ఏ పట్టీకిని ఇరుసునకును నడుమ దారి యుండరాదు. ఉన్నచో ఆర్మేచరు కాలి ఎర్తు తగిలినది. ఈ రెండింటిలో ఏది జరిగినను ఆర్మేచరు మార్చుటయే ఉత్తమము. మన పట్టణములలో వ్యవసాయపు పంపు మోటారులకు చుట్ట చుట్టు వైండింగు దుకాణములున్నవి గాని, వ్రేలెడు ఆర్మేచరునకు ఆ శ్రమ అరుదుగా గిట్టుబాటగును.

ఇరుసు చివరనున్న బుష్షులు, బేరింగులు అరిగినచో ఆర్మేచరు ఒక ప్రక్కకు ఒరిగి అయస్కాంతములకు ఒరసికొనును; ఆ రాపిడి గీతలు కంటికి కనబడును. లోపల ఇంజను నూనె కనబడినచో సీలు చెడినదని అర్థము. నూనె కార్బన్ పొడితో కలిసి ముద్దయై బ్రష్షులను బంధించును. బ్రష్షులు మాత్రము మార్చి సీలు మార్చనిచో, కొలది నెలలకే అదే కథ పునరావృతమగును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మొరాయించిన సెల్ఫు మోటారును స్పానరుతోనో సుత్తితోనో కొట్టుట పాత కాలపు వైద్యము. లోపల రాగి చుట్టలే అయస్కాంతములుగా నున్న పెద్ద లారీ మోటారులకు అది అంత కీడు చేసెడిది కాదు. మోటారు సైకిలు మోటారులో నున్నవి ఫెర్రైటు అయస్కాంతములు. అవి పింగాణీ వలె పెళుసైనవి. గట్టి దెబ్బకు పగిలి, ఆ ముక్కలు ఆర్మేచరునకు అడ్డుపడును. ఇరువది రూపాయల పనితో పోవు దోషము పూర్తి మోటారు వరకు ప్రాకును. చెక్క పిడితో తేలికగా తట్టుట వేరు. సుత్తితో కొట్టుట వేరు.

మరియొక హెచ్చరిక నిప్పురవ్వలను గూర్చినది. దీనిని గనికార్మికులకు వేరుగా బోధింప నక్కరలేదు. మీథేన్ వాయువు ఉండదగిన చోట విద్యుత్ పరికరములను మందపాటి ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలలోనే ఎందులకు బిగింతురో వారికి తెలియును. లోపల రవ్వ పుట్టుట సహజము. ఆ మంట బయటి వాయువును చేరరాదు. మన సెల్ఫు మార్గమున అట్టి పెట్టె లేదు. ఛార్జి అగుచున్న బ్యాటరీ నుండి హైడ్రోజను రావచ్చును. కార్బురేటరు నుండి, ట్యాంకు మూత నుండి పెట్రోలు ఆవిరి రావచ్చును. రిలే రెండు లావు బోల్టులను స్క్రూడ్రైవరుతో కలిపి మోటారును పరీక్షించుట మెకానికుల వాడుక. మోటారు తిరిగినచో రిలేయో చిన్న మార్గమో దోషియని దానివలన తెలియుట నిజమే. కాని ఆ క్షణమున పెద్ద రవ్వలు లేచును. పెట్రోలు వాసన సోకిన చోట ఎన్నడును ఆ పని చేయరాదు. చేయవలసి వచ్చినను బండి న్యూట్రల్‌లో, మెయిన్ స్టాండుమీద ఉండవలెను.

మన ప్రాంతపు వాతావరణమును గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. రామగుండము, మంచిర్యాల ప్రాంతముల వేసవి 45 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త కాదు. లెడ్ ఆసిడ్ బ్యాటరీకి నిలకడగా పది డిగ్రీల వేడి పెరిగినచో ఆయువు సుమారు సగమగునని ఇంజనీరులు స్థూలముగా లెక్క కట్టుదురు. కావున గనివద్ద రేకుల షెడ్డుకంటె చెట్టునీడ బ్యాటరీకి మేలు. వానకాలమున మొదట దెబ్బతినునవి బ్యాటరీ మొనలు, ఎర్తు బోల్టు, క్లచ్చి స్విచ్చి. బొగ్గు దుమ్ము పొరలుగా పట్టి తేమను విడువక దాచుకొనుటచే తుప్పు త్వరపడును. నీటి పంపుతో బండి కడుగునప్పుడు గొట్టమును రిలేమీదికి, మీటలమీదికి సూటిగా పెట్టరాదు.

మీటను ఒకేసారి ఐదు సెకండ్లకు మించి నొక్కరాదు. రెండు ప్రయత్నముల నడుమ పది పదునైదు సెకండ్లు ఆగవలెను. ఈ మోటారు కొలది క్షణముల పనికై చేయబడినది. దానికి చల్లబడు వ్యవధి కావలెను. బ్యాటరీ లెక్కయు చూడుడు. 50 ఆంపియర్ల చొప్పున ఐదేసి సెకండ్లు పదిమార్లు నొక్కినచో ఖర్చు సుమారు 0.7 ఆంపియర్-గంట. 4 ఆంపియర్-గంటల బ్యాటరీలో అది ఆరవ వంతునకు పైమాట. నడచుచున్న బండి బ్యాటరీకి ఒక ఆంపియరు చొప్పున మిగిల్చినదనుకొన్నను ఆ లోటు తీరుటకు నలుబది నిమిషములకు పైగా పట్టును. క్వార్టరు నుండి గనికి పది నిమిషముల ప్రయాణమే యైనచో ఆ అప్పు ఆనాటికి తీరదు. మరునాటికి వడ్డీతో కనబడును. పదిమార్లు నొక్కినను ఇంజను అందుకొననిచో దోషము పెట్రోలులోనో ప్లగ్గులోనో వెదకవలెను గాని, బ్యాటరీని ఖాళీ చేయరాదు.

ఒక మినహాయింపు చెప్పి ముగించెదను. ఇటీవలి కొన్ని బండ్లలో వేరుగా సెల్ఫు మోటారే లేదు. ఇంజను ఇరుసుననున్న మాగ్నెటే మొదట మోటారుగా పనిచేసి, ఇంజను నడచిన పిమ్మట జనరేటరుగా మారును. పండ్ల చక్రపు ‘కర్రు’ మను శబ్దము లేకుండ స్టార్టగు బండ్లివి. వానిలో బ్రష్షులు లేవు. ప్రవాహమును ఎలక్ట్రానిక్ పెట్టె నడుపును. అట్టి బండిలో బ్యాటరీ, ఫ్యూజులు, ఎర్తు, మీటలు మనము పరీక్షింపవచ్చును. తక్కినది తగిన పరికరములున్న సర్వీసు కేంద్రమునకు వదలవలెను.

తక్కిన బండ్ల విషయమున శ్రోతలు గుర్తుంచుకొనవలసిన వరుస ఇది: మొదట కన్ను, పిమ్మట చెవి, ఆపై మీటరు, చివరకు స్పానరు. బ్యాటరీ, దాని మొనలు, ఎర్తు, ఫ్యూజు, మీటలు, రిలే - ఇవన్నియు నిర్దోషులని తేలిన పిమ్మట మోటారును విప్పుడు. విప్పిన పిమ్మట బ్రష్షులు, కమ్యుటేటరు, సీలు చూచి, అప్పటికిని వీలుకానప్పుడు క్రొత్తది కొనుడు. మెకానికు వద్దకు పోయినప్పుడును ‘సెల్ఫు పోయినది’ అని చెప్పి ఊరకుండక, మీట నొక్కినప్పుడు ఏ శబ్దము వచ్చినదో, బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపినదో చెప్పినచో అతని పనియు తేలికయగును, మీ ఖర్చును తగ్గును. మీటరును ఒక సెలవుదినమున తీరికగా వాడి, బాగున్న దినమున మీ బండి చూపు అంకెలను ఒక కాగితముమీద వ్రాసి దాచుకొనుడు. షిఫ్టు వేళకు బండి మొరాయించిన నాడు, ఏ అంకె మారినదో ఆ కాగితమే చెప్పును.